మినికాయ్‌లో షిప్ ఒక్క పూటే ఆగుతదట, ఆ టైంలో ఏం చూడాలె?

కాకతీయ_కాలినడక:
అందరికీ నమస్తే. లక్షద్వీప్ షిప్ టూర్ గురించి అడుగుదామని పోస్ట్ పెడుతున్న, గదే సముద్రం ప్యాకేజ్ అంటరు కదా, కొచ్చిలో ఎక్కుడు, రాత్రంత ప్రయాణం, పగలు దీవిల దింపుడు, సాయంత్రం మళ్ల షిప్‌ల ఎక్కించుడు. కవరత్తి, కల్పేని, మినికాయ్ మూడు దీవులు. మేము నలుగురం, నేను, మా ఆవిడ, పదో తరగతి కొడుకు, మా అమ్మ. అమ్మకు 63 ఏండ్లు, మోకాళ్లు కొంచెం పట్టేస్తయి గానీ నడుస్తది.

కవరత్తి, కల్పేని గురించి యూట్యూబ్‌ల మస్తు వీడియోలు ఉన్నయి, అన్నిట్ల ఒక్కటే, నీలం నీళ్లు, కయాక్, స్నార్కెలింగ్, గ్లాస్ బోట్. మినికాయ్ మాత్రం వేరే తీరుగ ఉంటదని, అక్కడి భాష, మనుషులు, కట్టుబాట్లు అన్నీ వేరని ఎక్కడో చదివిన. కానీ షిప్ ఆగేది ఒక్క పూటే, పొద్దున దింపి సాయంత్రం ఎక్కించుకుంటరట. ఆ ఆరేడు గంటలల్ల నీళ్లల్ల ఆడుకునుడే చేయాల్నా, ఊర్లెకు పోవచ్చునా? పోతే అక్కడోళ్లు ఏమన్న అనుకుంటరా? ఇంకోటి, షిప్ నుంచి చిన్న పడవలకు సముద్రం మధ్యలనే దిగాలంట కదా, అమ్మతోని అయితదా?

అమ్మ అయితే "ఇసుక, నీళ్లు చూడనీకి అంత దూరమెందుకురా, బాపట్ల పోతే దొరకదా" అంటున్నది. ఆమెకు చెప్పనీకన్న నాకు ఒక కారణం కావాలె 😅

గోదారిగట్టు:
అండమాన్ వెళ్లండి బ్రో, ఫ్లైట్ ఉంది, హోటళ్లు ఉన్నాయి, పర్మిట్ గొడవ లేదు, మందు కూడా దొరుకుద్ది. లక్షద్వీప్‌లో బంగారం దీవిలో తప్ప చుక్క ముట్టుకోనివ్వరు. ఐదు రోజులు షిప్‌లో ఊగుతూ పోయి కొబ్బరి చెట్లు చూసి రావడం ఏంటో నాకైతే అర్థం కాదు. నా అభిప్రాయం అంతే, తిట్టకండి.

సూర్యలంక_సుబ్బులు:
మా బాపట్లని మధ్యలోకి లాగారు కాబట్టి నేను రాక తప్పదు 😀 అమ్మగారితో చెప్పండి, మా సూర్యలంకలో సముద్రం మాత్రమే ఉంది, మినికాయ్‌లో ఊరుంది అని.

మేం మా అత్తగారితో వెళ్లాం, ఆవిడకి అప్పుడు 66. ముందు ఆ పడవ భయం సంగతి చెప్తాను, మిగతావన్నీ తర్వాత. షిప్ లోతు నీళ్లలో ఆగుతుంది, పక్కన తలుపు తీస్తారు, కింద పడవ ఉంటుంది, అలకి అది ఒక మనిషి ఎత్తు పైకి లేస్తుంది మళ్లీ దిగిపోతుంది. షిప్ వైపు ఇద్దరు, పడవలో ఇద్దరు నిలబడి ఉంటారు, రెండు చేతులూ మోచేతి పైన గట్టిగా పట్టుకుంటారు, పడవ పైకి వచ్చి షిప్ గడపకి సమానంగా అయిన ఆ ఒక్క క్షణం చూసి మలయాళంలో ఏదో అరుస్తారు, అడుగు వెయ్యడమే. దూకకూడదు, మనం ముందే ఆలోచించి కాలు చాపకూడదు, వాళ్లు చెప్పినప్పుడే వెయ్యాలి. మా అత్తగారు కృష్ణా పుష్కరాల్లో మెట్లు దిగినట్టు దిగిపోయారు, చెప్పులు చేతిలో పట్టుకుని. భయపడి వెనక్కి లాగేసింది మా ఆయన. చీరైతే కుచ్చిళ్లు కాళ్లకి అడ్డం పడతాయి, పంజాబీ డ్రెస్ వేయించండి, తర్వాత తిట్టినా పర్లేదు.

ఇక మినికాయ్. మమ్మల్ని కూడా దింపగానే నేరుగా బీచ్‌కి తీసుకుపోయారు, కొబ్బరి బొండం ఇచ్చి లైఫ్ జాకెట్లు కట్టి నీళ్లలోకి తోసేశారు. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఊరు అన్నారు, ఊరికి ఇచ్చింది ముప్పావు గంట. నాకు ఇప్పటికీ ఆ కడుపుమంట పోలేదు. అందుకే చెప్తున్నా, దిగగానే అక్కడి వాళ్లని అడగండి, మాకు నీళ్లలో ఆటలు వద్దు ముందు ఊరు చూపించండి అని, వ్యాన్ ఉంటే పంపిస్తారు. నీళ్లాటలు కవరత్తిలో, కల్పేనిలో కడుపు నిండా ఆడుకోవచ్చు. తుండి బీచ్ మాత్రం చివర్లో ఒక అరగంట చూడండి, బ్లూ ఫ్లాగ్ వచ్చిన బీచ్, అంటే శుభ్రంగా ఉండే బీచ్‌లకి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు, ఇసుక పిండిలా ఉంటుంది.

ఆ దీవిలో 11 ఊళ్లు ఉన్నాయి, ఊళ్లంటే మన పేటల్లా ఒకదాని పక్కన ఒకటి, వీధులు చీపురు గీతలు కనపడేంత శుభ్రం. ప్రతి ఊరికీ ఒక పెద్ద ఉంటాడు, ఆయన్ని బోడుకాక అంటారు, ఆడవాళ్లకి వేరేగా ఒక పెద్దావిడ, ఆవిడ పేరు బోడుతాత! మా పిల్లలు "తాతేంటి, మామ్మ కదా" అని ఒకటే నవ్వు. వాళ్ల భాషలో బోడు అంటే పెద్ద, తాత అంటే అక్క లాంటి మాట. ఊరంతటి పనులు, పడవ ఒడ్డుకి లాగడం దగ్గర్నుంచి పెళ్లి వంట దాకా ఎవరు ఏం చెయ్యాలో వీళ్లే పురమాయిస్తారట.

మమ్మల్ని ఒకళ్ల ఇంటికి తీసుకెళ్లారు. ఆ ఇంటావిడకి హిందీ నాలుగు ముక్కలు వచ్చు, మా అత్తగారికి అదీ రాదు. వంటింటి గడపలో కొబ్బరి కోరే పీట ఉంది, కూర్చునే పీటకి ముందు ఇనప నాలుక, అచ్చం మా అమ్మమ్మ ఇంట్లో దాని లాగే. మా అత్తగారు దాన్ని చూడగానే మోకాళ్ల నొప్పులు ఏమైపోయాయో, కూర్చుని చిప్ప అందుకుని కోరేసింది. ఆ ఇంటావిడ నవ్వీ నవ్వీ, ఆ కోరులోనే ఎండు ట్యూనా చేప పొడి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మరసం వేసి చేత్తో పిసికి పల్చటి రొట్టెతో పెట్టింది. ఇద్దరూ ఒక్క మాట అర్థం కాకుండా అరగంట మాట్లాడుకున్నారు. మా ట్రిప్ మొత్తంలో నాకు గుర్తున్నది అదే.

ఫోటోల గురించి ఒక్క మాట. ఆడవాళ్లని అడక్కుండా తియ్యొద్దు, మసీదు దగ్గర అసలొద్దు. అందరూ ముస్లింలే, పద్ధతిగా ఉంటారు, మోకాళ్ల కింద దాకా బట్టలు వేసుకుని ఊళ్లోకి వెళ్లండి. ఈత బట్టలతో ఊళ్లో తిరిగిన వాళ్లని మా గుంపులోనే చూశాను, ఊరివాళ్లేం అనలేదు గానీ తలుపులు వేసుకున్నారు.

కాకతీయ_కాలినడక:
సుబ్బులు అక్కా మస్తు థ్యాంక్స్, అమ్మకు చదివి వినిపించిన, కొబ్బరి కోరు దగ్గరికి వచ్చేసరికి "అయితే పోదాం పా" అన్నది. పంజాబీ డ్రెస్ మాట మాత్రం నేను చెప్పలే, మా ఆవిడ తోని చెప్పిస్త. గదేం భాష అక్కా, మలయాళం కాదా? మావోడు లైట్‌హౌస్ ఎక్కనిస్తరా అని అడుగుతున్నడు.

లంగరెత్తు:
మలయాళం కాదు గురూ. మిగతా దీవులన్నిటా మలయాళం లాంటి జెసరి మాట్లాడతారు, ఒక్క మినికాయ్‌లోనే మహల్. అది మాల్దీవుల ధివేహి భాషే, లిపి తాన, కుడి నుంచి ఎడమకి రాస్తారు. అందులో తమాషా ఏంటంటే మొదటి తొమ్మిది అక్షరాలు అరబిక్ అంకెల్లోంచి, అంటే ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెల ఆకారంలోంచి తయారైనవి. దీవి పేరు కూడా వాళ్లు మలికు అంటారు, మినికాయ్ బయటోళ్లు పెట్టింది. మ్యాప్ చూడండి, మిగతా లక్షద్వీప్‌కీ దీనికీ మధ్య తొమ్మిది డిగ్రీల ఛానెల్, మాల్దీవులకీ దీనికీ మధ్య ఎనిమిది డిగ్రీల ఛానెల్. కవరత్తి 250 కిలోమీటర్ల పైనే, మాల్దీవుల ఉత్తర కొస అంతకన్నా దగ్గర.

నాది విశాఖ, మర్చంట్ నేవీ. క్యాడెట్‌గా ఎక్కిన మొదటి షిప్‌లో మా బోసన్, అంటే డెక్ మీద పనివాళ్లకి పెద్ద, మినికాయ్ ఆయన. ఆ దీవి మగోళ్లు తరతరాలుగా ఓడల మీదే, మన ఉద్దానం వాళ్లు వలస ఎల్లినట్టు వీళ్లు సముద్రం ఎక్కుతారు. ఆయన నైట్ వాచ్‌కి వచ్చేటప్పుడు జేబులో నల్లటి చెక్క ముక్క లాంటిది ఉండేది, చాకుతో గంధం చెక్కలా గీరి, కొబ్బరి ముక్కతో కలిపి నోట్లో వేసుకునేవాడు. అదే మాస్. సుబ్బులు గారు తిన్న ఎండు ట్యూనా అదే.

అది తయారయ్యేది చూడగలిగితే చూడండి, బీచ్ కన్నా వెయ్యి రెట్లు. చేపని నిలువునా నాలుగు ముక్కలు కోసి, ముల్లు తీసి, ఉప్పునీళ్లలో ఉడకబెడతారు. తర్వాత కొబ్బరి డొక్కల పొగ పెడతారు, ఎండలో ఆరబెడతారు, మళ్లీ పొగ, మళ్లీ ఎండ, చెక్కలా గట్టిపడే దాకా. ఫ్రిజ్ అక్కర్లేదు, నెలల తరబడి ఉంటాది. ఉడికించిన నీళ్లు పారబొయ్యరు, అది మరిగించి మరిగించి గోధుమ రంగు గుజ్జు చేస్తారు, అన్నంలో కలుపుకుంటారు. వాసన ఉంటాది మరి, ముందే చెప్తన్నా.

పట్టేది కూడా వలతో కాదు, గేలంతో. ముందు మడుగులో, అదే లగూన్‌లో, చిన్న చిన్న ఎర చేపల్ని బతికుండగా పట్టి పడవ మధ్యలో నీళ్ల తొట్టిలో పెట్టుకుంటారు. బయటికెల్లి ట్యూనా గుంపు కనపడగానే ఆ ఎర చేపల్ని గుప్పెళ్లతో చల్లుతారు, పడవ వెనకాల నుంచి నీళ్లు చిమ్ముతుంటారు, పైన చిన్న చేపలు గంతులేస్తున్నాయేమో అనుకుని ట్యూనా పిచ్చెక్కినట్టు వస్తాది. వరసగా నిలబడ్డ మనుషులు గడ కర్రలు వేస్తారు, గేలానికి వెనక్కి మళ్లిన ముల్లు ఉండదు, చేప తగలగానే తల మీదుగా వెనక్కి ఎగరేస్తే దానంతటదే ఊడి పడవలో పడిపోతాది, కర్ర మళ్లీ నీళ్లలోకి. మా వైపు సూర అంటాం ఈ చేపని, మనోళ్లు వలతోనూ పడతారు గేలంతోనూ పడతారు గానీ ఇట్టాంటి పని నేను మనకాడ చూళ్లేదు. ఈ పద్ధతిలో తాబేళ్లూ డాల్ఫిన్లూ చిక్కుకోవు, ఒక్కో చేపే వస్తాది. పొద్దున పడవలు ఎల్లి మధ్యాహ్నం తర్వాత తిరిగొస్తాయి, మీ షిప్ టైం కుదిరితే ఒడ్డున చేపలు దించడం దొరకొచ్చు.

లైట్‌హౌస్ 1885లో ఇంగ్లీషోళ్లు కట్టింది, ఇప్పటికీ పని చేస్తుంది. ఎక్కనిచ్చే టైములు ఉంటాయి, దిగగానే అడిగెయ్యండి, లేకపోతే తాళం చూసి రావాలి. పైనుంచి దీవి మొత్తం నెలవంకలా కనపడతాది, లోపలి వైపు మడుగు, దక్షిణాన విరింగిలి అని చిన్న దీవి, ఎవరూ ఉండరు, ఒకప్పుడు కుష్ఠు రోగుల్ని అక్కడ ఉంచేవారు. మీ అమ్మగార్ని మెట్లు ఎక్కించకండి, కింద నీడలో కూర్చోబెట్టండి.

ఊళ్ల దగ్గర పొడుగాటి రంగురంగుల పందెం పడవలు షెడ్లలో పెట్టి ఉంటాయి, జహాధోని అంటారు, ఊరికొకటి. వాటి మీద చెయ్యి వేసే ముందు అడగండి, మన ఊళ్లో రథం మీద ఎక్కి సెల్ఫీ తీసుకుంటే ఎట్టా ఉంటాదో అట్టా.

అన్నట్టు మీరు ఎక్కబోయేది ఎం.వి. కవరత్తి అయితే అది మా విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో కట్టిందే, 700 మంది పడతారు. మా పెదనాన్న వెల్డింగ్ చేసిన రేకులు అందులో ఉన్నాయి, ఎక్కినప్పుడు ఒకసారి గోడ తట్టండి.

గచ్చిబౌలి_చేప:
ఇంట్లో మెరైన్ అక్వేరియం ఉంది నాకు. అక్కడ ఒడ్డున చచ్చిపోయిన కోరల్ ముక్కలు కుప్పలుగా పడుంటాయి కదా, ఒకటి రెండు బ్యాగ్‌లో వేసుకొస్తే ఎవరైనా పట్టుకుంటారా, జస్ట్ ఆస్కింగ్

సూర్యలంక_సుబ్బులు:
పట్టుకుంటారు, పట్టుకోవాలి కూడా. వన్యప్రాణి చట్టంలో పగడాలు షెడ్యూల్ 1లో ఉన్నాయి, పులి ఉన్న జాబితా అది. సముద్ర దోసకాయ కూడా అంతే, దాన్ని దొంగతనంగా ఎండబెట్టి అమ్మేవాళ్లు అక్కడ చాలాసార్లు దొరికారు. చచ్చిందా బతికిందా అని బ్యాగ్ చెకింగ్ దగ్గర వాదించుకోడానికి మీకు ఓపిక ఉంటే మీ ఇష్టం.

అయినా ఆ చచ్చిన ముక్కలే ఆ దీవి నేల అండీ. అక్కడ రాయి లేదు, ఎర్రమట్టి లేదు, ఉన్న ఇసుకంతా పగడపు పొడే. చిలక చేపలు పగడపు గుట్టని కొరికి కొరికి, తిన్నది తిని మిగతాది ఇసుకగా విసర్జిస్తాయి, మనం చెప్పులు విప్పి నడిచేది దాని మీదే. అందరూ ఒక్కో ముక్క తెచ్చుకుంటే ఏమవుద్దో మీరే లెక్కేసుకోండి, మొత్తం లక్షద్వీప్ నేల కలిపితే 32 చదరపు కిలోమీటర్లు, మన ఒక మండలం అంత కూడా రాదు.

ఇంకో సంగతి, స్నార్కెలింగ్‌లో యూట్యూబ్ రంగులు ఊహించుకుని వెళ్లొద్దు. నేను కల్పేనిలో తల ముంచగానే చూసింది బూడిద రంగు కొమ్మలు, విరిగిన ఎండు చెట్టు లాంటివి, వాటి మధ్యలో మాత్రం చేపలు పండగ చేసుకుంటున్నాయి. నీళ్లు మరీ వేడెక్కితే పగడం తన ఒంట్లో ఉండి దానికి తిండి పెట్టే నాచుని బయటికి గెంటేస్తుందట, తెల్లబడిపోతుంది, వేడి తగ్గకపోతే ఆకలికి చస్తుంది. 1998, 2010, 2016లలో అక్కడ గట్టి దెబ్బ తగిలింది. కొన్ని చోట్ల మళ్లీ చిగుళ్లు వస్తున్నాయి, వేలి గోరంత, లేత ఊదా రంగులో. కాళ్లు ఆనించి నిలబడితే అవే విరిగేది. గైడ్ వద్దని అరుస్తున్నా మా గుంపులో ఒకాయన దాని మీద నిలబడి ఫోటో దిగాడు.

గచ్చిబౌలి_చేప:
సరే మేడం సరే, నేను తేను 🙏

మంచినీళ్ల_మాస్టారు:
పదో తరగతి బాబు ఉన్నాడన్నారు కాబట్టి రెండు ముక్కలు. సైన్స్ చెప్పే వాణ్ణి, అలవాటు పోదు.

మినికాయ్‌లో ఏరు లేదు, చెరువు లేదు. ఇసుక అడుగున ఉప్పునీటి మీద వాన నీరు పలచగా తేలుతూ ఉంటుంది, బావిలో వచ్చేది అదే, ఎక్కువ తోడితే ఉప్పు పైకొస్తుంది. అందుకని సముద్రం నుంచి మంచినీళ్లు చేసే ప్లాంట్ పెట్టారు, ముందు 2005లో కవరత్తిలో, తర్వాత 2011లో మినికాయ్, అగత్తిలలో. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాళ్ల పని, రోజుకి లక్ష లీటర్లు. మన ఇంట్లో ఆర్‌ఓ లాగా జల్లెడ కాదది. పైన ఉండే 28 డిగ్రీల గోరువెచ్చని నీళ్లని గాలి తీసేసిన గదిలోకి పంపిస్తే మంట లేకుండానే ఆవిరవుతుంది, సుమారు 350 మీటర్ల లోతు నుంచి పొడుగాటి పైపుతో లాగిన 12 డిగ్రీల చల్లటి నీళ్ల పైపులకి ఆ ఆవిరి తగిలి మంచినీరుగా కారుతుంది. దీవి అంచు దాటగానే సముద్రం ఒక్కసారిగా లోతైపోతుంది కాబట్టి అక్కడ అది కుదిరింది. ఊళ్లో కుళాయి దగ్గర దోసిలి పట్టి తాగించండి వాణ్ణి, పాఠంలో చదివిన వత్తిడి, మరుగు స్థానం సంగతి అప్పుడు అడగండి.

కల్పేనిలో తూర్పు ఒడ్డుకి తీసుకెళ్లమని అడగండి. 1847లో వచ్చిన పెద్ద తుపాను సముద్రం అడుగు నుంచి పగడపు బండల్ని ఎత్తి ఒడ్డు మీద కట్ట పోసింది, ఇప్పటికీ అలాగే ఉంది. దివిసీమ ఉప్పెన చూసిన కుటుంబం మాది, ఆ కట్ట దగ్గర నేను చాలాసేపు ఏం మాట్లాడలేకపోయాను.

కాకతీయ_కాలినడక:
అందరికీ దండాలు. గోల్డ్ క్లాస్ అంటే నాలుగు బెర్తుల క్యాబిన్ అంట కదా, మేము నలుగురమే కాబట్టి అదే చేస్తున్న. సికింద్రాబాద్ నుంచి శబరిల ఎర్నాకుళం దాకా పోయి, ఒక రోజు ముందే కొచ్చిల ఉండి, విల్లింగ్డన్ ఐలాండ్‌ల ఎక్కుతం. జనవరి అనుకుంటున్నం, వానకాలం అసలు నడవయంట కదా. మినికాయ్‌ల దిగంగనే ముందు ఊరు, తర్వాత లైట్‌హౌస్, టైం మిగిలితేనే బీచ్.

ఒక్క డౌటు ఉన్నది. అమ్మ ఆ మాస్ ఒక అరకిలో తెచ్చుకుంటనంటున్నది, వాళ్ల కొబ్బరి కోరు ఆమెకు మనేద తీరుగ పట్టుకున్నది. ట్రైన్‌ల ఏసీ బోగీల తెస్తే తోటోళ్లు ఊకుంటరా?

లంగరెత్తు:
మూడు కవర్లు చుట్టి, దాని మీద పాత తువ్వాలు చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టి మూతకి ప్లాస్టర్ వెయ్యండి. మా బోసన్ ఇచ్చింది నేను ఒకసారి ఒట్టి కవర్లో పెట్టి బట్టల మధ్య పెట్టుకొచ్చాను, మా ఆవిడ ఆ సూట్‌కేస్‌ని ఇప్పటికీ మేడ మీదే ఉంచుతాది.

సూర్యలంక_సుబ్బులు:
డబ్బా బెర్త్ కింద పెట్టకండి, పిల్లి లేకపోయినా వచ్చేస్తుంది 😂 వచ్చాక అమ్మగారు ఏమన్నారో మాత్రం ఇక్కడ రాయాలి.